తోలుబొమ్మల తెర వెనక నుంచి టాకీ దాకా: సురభి కమలాబాయి రంగస్థల జీవితం

తెలుగులో తొలి నటి ఎవరని అడిగితే చాలాచోట్ల వినబడే పేరు సురభి కమలాబాయి. అది సగమే నిజం. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతి వేసింది ఆమే కాబట్టి వెండితెరకు తొలి నాయిక అనడంలో పేచీ లేదు. రంగస్థలం సంగతి వేరు. కమలాబాయి పుట్టేనాటికే వాళ్లమ్మ వెంకూబాయి నాటకాల్లో నాయిక వేషాలు కడుతోంది. దమయంతి వేషంలో ఉండగానే వెంకూబాయికి నొప్పులొచ్చాయనీ, బిడ్డ రంగస్థలం మీదే పుట్టిందనీ, అదీ నాటకంలో భాగమే అనుకున్న జనం సంగతి తెలిశాక పసిగుడ్డు మీద డబ్బులు కురిపించారనీ చెబుతారు. పుట్టిన ఏడు సాధారణంగా 1907 అని రాస్తారు.

ఈ కథను వింతగా చెప్పుకోవడం అలవాటై, అందులో ఉన్న అసలు సమాచారాన్ని వదిలేస్తుంటాం. నెలలు నిండిన ఇల్లాలు నాయిక వేషం కట్టి ఊరి జనం ముందు పద్యం పాడుతోంది. ఆమె భర్త కృష్ణాజీరావుదీ సురభి అనే నాటక సమాజపు కళాకారుల కుటుంబమే. ఎవరికీ అది తప్పనిపించలేదు. అదే కాలంలో మిగతా తెలుగు నాటక సమాజాల్లో ఆడవేషం ఆడది వేయడమన్న మాటే లేదు. ఒకే భాష, అవే పురాణ కథలు, ఇంచుమించు ఒకే ప్రేక్షకులు. ఇక్కడ ఎందుకు కుదిరింది, అక్కడ ఎందుకు కుదరలేదన్నది తేలితే కమలాబాయి ప్రయాణం అర్థమవుతుంది.

ముందు కుదరనిచోటు చూద్దాం. ఆధునిక తెలుగు నాటకం చదువుకున్నవాళ్ల చేతుల్లో మొదలైంది. 1880లో రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం తన విద్యార్థులతో నాటకం ఆడించారు. బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరస వినోదిని సభ పెట్టారు. ఈ సమాజాల్లో వకీళ్లు, బడిపంతుళ్లు, గుమాస్తాలు వేషాలు వేసేవారు. పగలు ఉద్యోగం, రాత్రి రిహార్సలు. నాటకమాడటం పరువు తక్కువ పని కాదని లోకానికి చూపించడం వాళ్లకు నాటకమంత ముఖ్యం. ఇంటి ఆడవాళ్లను తెచ్చే ప్రశ్నే లేదు. పాట, అభినయం తరతరాలుగా నేర్చినవాళ్లు కళావంతుల ఇళ్ల స్త్రీలు. ఆ రోజుల్లోనే వీరేశలింగం వంటివారు భోగం మేళాల మీద, అంటే కళావంతుల స్త్రీల ఆటపాటల మీద, గట్టిగా ఉద్యమం నడుపుతున్నారు. ఒకవైపు మేళాలు మానమని చెబుతూ, మరోవైపు అదే ఇళ్ల స్త్రీలను తమ నాటకంలోకి పిలిచే సాహసం ఏ సమాజమూ చేయలేదు. సంస్కరణ నాటకాన్ని పెంచింది, నటికి మాత్రం చాలాకాలం తలుపు మూసే ఉంచింది. దీన్ని ఒప్పుకోవడానికి మన నాటక చరిత్రకారులు కొంచెం మొహమాటపడతారు.

ఆ ఖాళీలో మగవాళ్ల స్త్రీపాత్రాభినయం గొప్ప కళగా ఎదిగింది. స్థానం నరసింహారావు సత్యభామ చీర సింగారించుకునే తీరును ఇళ్లల్లో ఆడవాళ్లు అనుకరించారంటే అందులో అతిశయోక్తి తక్కువే. ఆయనకు 1956లో పద్మశ్రీ వచ్చింది. కానీ ఈ ఏర్పాటులో ఒక లోపం ఉంది. ప్రహ్లాదుడు, లోహితాస్యుడు వేసే కుర్రాడికి పదమూడు, పద్నాలుగేళ్లకు గొంతు మారుతుంది. ఏడాదో, రెండేళ్లో ఆ గొంతు ఎటు పోతుందో తెలియదు. ఆ తర్వాత వాడు స్త్రీ పాత్రకు పనికొస్తాడా, రాజు వేషానికి పనికొస్తాడా, అసలు పాటకే పనికిరాడా అన్నది అదృష్టం. సమాజం నాలుగేళ్లు నేర్పిన విద్య ఒక్క వేసవిలో పోవచ్చు. ఆడపిల్ల గొంతులో ఇంత పెద్ద గండి లేదు. అయిదేళ్లకు ఎత్తుకున్న పద్యాన్ని ఆమె యాభై ఏళ్లకూ పాడగలదు.

సురభి కథ వేరే దారిది. ఆ కుటుంబాలు మహారాష్ట్ర నుంచి వచ్చిన ఆరె మరాఠీలు, తోలుబొమ్మలాట వాళ్లు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు ఆధ్వర్యంలో ‘కీచక వధ’ను బొమ్మలతో కాకుండా మనుషులతో ఆడారు. అక్కడి నుంచే సమాజానికి ఊరి పేరు వచ్చింది. వనారస, రేకందార్, ఆవేటి వంటి ఇంటిపేర్ల వాళ్లందరికీ బయట ‘సురభి వాళ్లు’ అన్న ఒక్క పేరే నిలిచింది.

తోలుబొమ్మలాట చూసినవాళ్లకు ఇక్కడ కీలకం వెంటనే తెలుస్తుంది. బొమ్మలాట ఒక మగవాడి పని కాదు, ఇల్లంతా కలిసి చేసే పని. తెర వెనక మగవాళ్లు భీముడికి, రావణుడికి గొంతిస్తే సీతకు, ద్రౌపదికి ఇంటి ఆడవాళ్లు గొంతిచ్చేవారు. పద్యం, వచనం, వంతపాట, రాత్రంతా మేలుకుని ఆడే ఓపిక వాళ్లకు అప్పటికే ఉన్నాయి. జనం ఆ గొంతులు తరాలుగా విన్నారు. ఇక మారవలసింది తెర ఒక్కటే. అది తొలగితే గొంతుకు మొహం వచ్చింది. సురభి స్త్రీలు రంగస్థలం ఎక్కడం ఏ సంస్కర్త పిలుపుకూ జవాబు కాదు, ఇంటి పనిలో ఒక మార్పు. అందుకే ఎదురుదాడి కూడా పెద్దగా రాలేదు. పక్కన నాయకుడిగా నిలబడేది భర్తో, మేనబావో, మరిదో. మేనమామ హార్మోనియం మీద ఉంటాడు, అత్త లోపల జడ అల్లుతుంటుంది. పరాయి మగవాడి ప్రసక్తి లేని చోట పరువు ప్రశ్న దానంతటదే చల్లారింది.

ఈ ఏర్పాటుకు రెండో వైపు కూడా చూడాలి. కుటుంబమే కంపెనీ అయినప్పుడు నటి సంపాదన ఆమె చేతికి రాదు. వసూలు సమాజానిది, వంట ఉమ్మడి, మిగిలితే తెరలకూ ప్రయాణానికీ. పెళ్లి సంబంధాలు చాలావరకు సురభి కుటుంబాల మధ్యే జరిగేవి. పిల్ల కాపురానికి పోతే పాత్రలతో సహా మరో సమాజానికి పోతుంది. కుటుంబాలు పెరిగేకొద్దీ సమాజాలు చీలి కొత్తవి పుట్టడానికి ఇదీ ఒక కారణం. అన్నదమ్ములు వేరుపడితే ఒకరికి తెరలు, ఒకరికి నాయిక. నాయిక లేని వాటా నిలబడదు.

పాత్రల మెట్లు

కమలాబాయి చిన్ననాట కృష్ణుడు, ప్రహ్లాదుడు, లవుడి వేషాలు వేసింది. ఇవి యాదృచ్ఛికంగా వచ్చినవి కావు. సురభి పిల్లకు పాత్రలు ఒక వరసలో వస్తాయి, ఆ వరస వెనక లెక్క ఉంది.

నాలుగయిదేళ్లప్పుడు రాజసభ సీనులో ఊరికే నిలబడటం. చెప్పుకోను పని లేదనిపిస్తుంది గానీ, దీపాల వెలుతురులో కళ్లు చికిలించకుండా, నిద్ర తూగకుండా గంటసేపు నిలబడటమే తొలి పాఠం. తర్వాత బాలకృష్ణుడు: నాలుగు మాటలు, ఒక పాట. ఎనిమిది, తొమ్మిదేళ్లకు ప్రహ్లాదుడు, లవుడు, లోహితాస్యుడు. ప్రహ్లాదుడు చిన్న పాత్ర కాదు, నాటకం మొత్తం ఆ పిల్ల గొంతు మీద నడుస్తుంది. ఆ తర్వాత చెలికత్తెలు, అంటే నాయిక పక్కనే నిలబడి ఆమె పాత్రంతా చెవిన వేసుకునే ఉద్యోగం. నాయికకు జ్వరం వస్తే ఆ రాత్రి చెలికత్తే నాయిక. సావిత్రి, దమయంతి, శకుంతల, చంద్రమతి వంటివి యుక్తవయసులో చేతికొస్తాయి. పిల్లలు పుట్టి ఒళ్లు బరువెక్కాక కుంతి, గాంధారి, తల్లి వేషాలు. మధ్యలో ఎప్పుడు కావాలంటే అప్పుడు మగవేషాలు కూడా. సురభిలో ఆడవాళ్లు కృష్ణుడు, నారదుడు కట్టడం కొత్త కాదు.

ఔత్సాహిక సమాజం ఒక నాటకాన్ని నెలల తరబడి రిహార్సలు చేసి నాలుగు ఊళ్లలో ఆడుతుంది. సురభి వంటి వృత్తి సమాజం ఒక ఊళ్లో పందిరి వేసుకుని వారాల తరబడి క్యాంపు పెడుతుంది. అదే ఊరి జనం మళ్లీ మళ్లీ టిక్కెట్టు కొనాలంటే రోజుకో నాటకం మారాలి. కాబట్టి నాయిక తలలో ఒకేసారి పది, పదిహేను నాటకాల పద్యాలు సిద్ధంగా ఉండాలి. కాగితం మీద చదివి కాదు, విని నేర్చినవే. ఇలా నేర్చినవాళ్లు మాట మరిచినా ఆగరు. ఆ ఛందస్సులో ఏదో ఒక మాట పడేసి పాదం నిలబెడతారు.

పద్యం, శ్రుతి, ఊపిరి

రంగస్థల పద్యం బయటివాళ్లకు రాగాలాపనగానే కనిపిస్తుంది. నటికి మాత్రం అది ముందు ఊపిరి లెక్క. ఉత్పలమాలలో పాదానికి ఇరవై అక్షరాలు, యతి పదో అక్షరం దగ్గర. చంపకమాలలో ఇరవై ఒకటి, యతి పదకొండో అక్షరం. కొత్తగా నేర్చేవాళ్లు చేసే తప్పు యతి దగ్గర ఊపిరి తీసుకోవడం. తెలుగులో యతి విరామం కాదు, అక్షర మైత్రి మాత్రమే. మాట దాన్ని దాటుకుని పోతుంటుంది. అక్కడ ఆగితే మాట రెండు ముక్కలై అర్థం పోతుంది. వెనక వరసల్లో కూర్చున్న రైతుకు పద్యం ముందే కంఠతా వచ్చు, ముక్క విరిగితే వెంటనే పట్టుకుంటాడు. అనుభవం ఉన్న నటి మాట ముగిసేచోట దొంగ ఊపిరి తీసి, పాదం చివర రాగం సాగదీసి, ఆ సాగులో తర్వాతి పాదానికి సిద్ధమవుతుంది.

శ్రుతి, అంటే పాటకు ఆధారంగా పెట్టుకునే స్థాయి, మరో చిక్కు. అంకె పెరిగేకొద్దీ స్థాయి హెచ్చు. మైకు లేని పందిట్లో చివరి వరసకు వినబడాలి కనుక మగనటులు నాలుగు, అయిదు శ్రుతుల్లో పద్యం ఎత్తేవారు. కచేరీలో ఒకటి, ఒకటిన్నరలో పాడే గొంతుకు ఇది పెద్ద కష్టం. స్త్రీ గొంతుకు అయిదు, అయిదున్నర సహజమైన చోటు. కాబట్టి సంవాద పద్యాలు వచ్చినప్పుడు ఇద్దరూ ఒకే శ్రుతిలో ఇమిడిపోతారు, హార్మోనియం మార్చనక్కరలేదు. నటి అదే శ్రుతిలో హాయిగా తారస్థాయికి పోతుంటే నాయకుడు మెడనరాలు ఉబ్బించి పోవాలి. చెడేది ఎక్కడంటే, నాయకుడి గొంతు నాలుగు దాటనప్పుడు. దృశ్యం మధ్యలో శ్రుతి మారిస్తే జనానికి తెలిసిపోతుంది, మార్చకపోతే నటి కింది స్థాయిలో పడి వినబడదు. సాధారణంగా తగ్గేది నటే.

చంద్రమతి పాత్ర ఈ విషయంలో పరీక్ష. కాటి సీనులో ఏడుస్తూ పాడాలి. నిజంగా ఏడిస్తే గొంతు బిగుసుకుని స్వరం పోతుంది. ఏడుపును గొంతులోంచి తీసి అక్షరం చివరి వణుకులోకి నెట్టడం తెలిసినవాళ్లే ఆ సీను దాటుతారు. నాటకం మొదలయ్యేది రాత్రి తొమ్మిది, పదికి. కాటి సీను వచ్చేసరికి తెల్లవారుజాము. జనం ‘వన్స్‌మోర్’ అంటే మళ్లీ పాడాలి. మొదటి అంకంలో జోరుగా ఖర్చుపెట్టేసిన గొంతుకు అక్కడ ఏమీ మిగలదు.

నటి చేతిలో ఉండవలసిన మరో విద్య పద్యాన్ని అవసరాన్ని బట్టి సాగదీయడం, కుదించడం. ముందు వీధి దృశ్యం గీసిన తెర దించి చిన్న సీను నడుపుతుండగా వెనక దర్బారు సెట్టు అమరుస్తారు. సెట్టు సిద్ధం కాలేదని రంగస్థలం పక్కనుండే వింగులోంచి సైగ వస్తే రాగం ఇంకో రెండు నిమిషాలు పెరగాలి. చూసేవాళ్లకు అది పాండిత్యంలా కనిపిస్తుంది. వెనక వడ్రంగి మేకు కోసం వెతుక్కుంటూ ఉంటాడు.

రంగు, వెలుతురు, తీగ

కరెంటు లేని కాలంలో మొహం కనబడటమే సమస్య. పెట్రోమాక్సు దీపాలు రంగస్థలం అంచున కింద ఉంటే వెలుతురు గడ్డం కింద పడి, కళ్లు గుంటల్లో పోతాయి. అందుకే కాటుక గీత కంటి చివర దాటించి లాగడం, కనుబొమ్మను అసలు చోటికన్నా కాస్త పైన దిద్దడం. కొబ్బరినూనె పట్టించి, దాని మీద అర్దళం అనే పసుపు ఖనిజం, సఫేదా అనే తెల్లపొడి కలిపిన రంగు, బుగ్గలకూ పెదవులకూ ఇంగిలీకం అనే ఎర్ర ఖనిజం. అర్దళంలో ఆర్సెనిక్, ఇంగిలీకంలో పాదరసం ఉంటాయి. అయిదేళ్ల వయసు నుంచి రాత్రివేళంతా ఆ రంగుతో గడిపే పిల్ల చర్మానికి ఏమవుతుందో చెప్పనక్కరలేదు. తెల్లవారాక రంగు సరిగా తీయకుండా పడుకుంటే దద్దుర్లు లేస్తాయి, దాని మీదే మర్నాడు మళ్లీ రంగు.

సురభికి పేరు తెచ్చినవి మాయలు: ఆకాశయానాలు, బాణాలు ఢీకొనడం, మనిషి ఉన్నట్టుండి మాయం కావడం. వీటి భారం తేలికగా ఉండే పిల్లల మీద, స్త్రీల మీద ఎక్కువ పడేది. దుస్తుల లోపల నడుముకు పట్టా కట్టి, దాని కొక్కేనికి నల్లరంగు పూసిన సన్నని తీగ తగిలిస్తారు. తీగ పైన కప్పీల మీదుగా వింగులోకి పోతుంది, అక్కడ మనుషులు లాగుతారు. వెనక తెర ముదురు రంగులో ఉండాలి, దీపం తీగ వెనక పడకూడదు. ఈ రెంటిలో ఏది తప్పినా తీగ మెరిసి మాయ కాస్తా నవ్వులపాలవుతుంది. పట్టా సరిగ్గా నడుము మధ్యన లేకపోతే మనిషి గాలిలో ముందుకు ఒరుగుతుంది. బిగువు ఎక్కువైతే పక్కటెముకలు నొక్కుకుని ఊపిరి ఆడదు, పద్యం సగంలో తెగుతుంది. అందుకే తీగ మీద ఉన్నప్పుడు పొట్టి పాటలు, నేల మీదికి దిగాకే పొడవైన సీస పద్యాలు. కొండ మీంచి తోయించుకునే ప్రహ్లాదుడి వేషం చిన్న పిల్లకు ఎందుకిచ్చేవారో దీన్ని బట్టి ఊహించవచ్చు. భక్తి ఒక కారణం, బరువు రెండోది.

బయట మారిన గాలి

1920ల తర్వాత మిగతా తెలుగు రంగస్థలం కూడా కదిలింది. కాంట్రాక్టరు వేర్వేరు సమాజాల నుంచి పేరున్న నటుల్ని ఒక రాత్రికి కుదుర్చుకుని నాటకం ఆడించే పద్ధతి బలపడింది. రిహార్సలు లేదు, ఎవరి పద్యాలు వారివే. జనం పోటీ చూడటానికి వచ్చేవారు. ఈ పద్ధతిలో నటికి రాత్రి లెక్కన డబ్బు తన చేతికే వచ్చింది. దాసరి కోటిరత్నం వంటివారు సొంత సమాజమే నడిపారు. మరోవైపు నటుడు బళ్ళారి రాఘవ స్త్రీ పాత్రలు స్త్రీలే వేయాలని పట్టుబట్టి, కొమ్మూరి పద్మావతీదేవి వంటి గృహిణులను రంగస్థలం మీదికి తెచ్చారు. ఇల్లాలు, కుటుంబ కంపెనీ నటి, రాత్రికింత అని కుదుర్చుకునే నటి అప్పటికి మూడు వేర్వేరు లోకాలు. ‘తొలి నటి’ తగవు తెగకపోవడానికి కారణం ఒక్కొక్కరు ఒక్కో లోకాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకోవడం.

టాకీ వచ్చినప్పుడు ఈ మూడింట్లో సురభే ముందు ఎందుకు పనికొచ్చిందన్నదానికి జవాబు సులువు. 1931లో బొంబాయి ఇంపీరియల్ కంపెనీ హిందీ టాకీ ‘ఆలం ఆరా’ తీశాక తెలుగు చిత్రం తీయాలనుకుంది. దర్శకుడు హెచ్.ఎం.రెడ్డి. అప్పటికి ప్లేబ్యాక్ లేదు. కెమెరా తిరుగుతుండగానే నటి పాడాలి, అదే రికార్డు కావాలి. తెలుగు పలకగలిగి, శ్రుతి తప్పకుండా పాడగలిగి, పాత్ర కంఠతా ఉండి, బొంబాయి దాకా రాగలిగిన స్త్రీ కావాలి. సురభి వాళ్లయితే ‘ప్రహ్లాద’ ఆడీ ఆడీ ఉన్నారు. ధర్మవరం వారి నాటకం ఆధారం, పాటలు చందాల కేశవదాసువి. హిరణ్యకశిపుడు మునిపల్లె సుబ్బయ్య, ప్రహ్లాదుడు సింధూరి కృష్ణారావు, లీలావతి కమలాబాయి. చిన్ననాడు ప్రహ్లాదుడు వేసిన పిల్ల ఇప్పుడు ప్రహ్లాదుడికి తల్లి.

ఈ సినిమా 1931 సెప్టెంబరు 15న విడుదలైందని చాలాకాలం నమ్మారు. 1932 జనవరి 22న సెన్సారు అయి, ఫిబ్రవరి 6న బొంబాయి కృష్ణా సినిమాలో విడుదలైందని తర్వాతి పరిశోధన తేల్చింది. పాత తేదీ ఇప్పటికీ చాలా రాతల్లో తిరుగుతూనే ఉంది.

రంగస్థలం గొంతుకు మైకు అనుకోని ఇబ్బంది తెచ్చింది. చివరి వరస కోసం విసిరే గొంతును దగ్గరున్న మైకు తట్టుకోలేదు, స్వరం పగులుతుంది. మైకు పరిధి దాటి అడుగు వేస్తే మాట వినబడదు. చేతులు ఊపి, నాలుగడుగులు నడిచి పద్యం విసిరే అలవాటున్నవాళ్లు ఒకచోట నిలబడి పాడటం నేర్చుకోవలసి వచ్చింది. ఆ రోజుల చిత్రాల్లో నటీనటులు కట్టెలా నిలబడ్డారని ఎగతాళి చేసేవాళ్లు మైకు ఎక్కడుందో చూడరు.

1932లోనే సర్వోత్తం బాదామి దర్శకత్వంలో ‘పాదుకా పట్టాభిషేకం’లో సీత, ‘శకుంతల’లో శకుంతల కమలాబాయే. దుష్యంతుడు యడవల్లి సూర్యనారాయణ. ఔత్సాహిక సమాజాలు పెంచిన మహానటుడి పక్కన సురభి పిల్ల నాయిక. రంగస్థలం మీద ఈ రెండు ధోరణులు అలా కలవడం అరుదు, బొంబాయి స్టూడియో కలిపింది. ఆ తర్వాత సాగర్ స్టూడియో పిలుపు మీద ఆమె ఏళ్ల తరబడి బొంబాయిలో ఉండి హిందీ చిత్రాల్లో నటించింది. స్త్రీ పాత్రాభినయంలో శిఖరమైన స్థానం వారు మాత్రం 1940ల మొదట్లో ‘సత్యభామ’ చిత్రంలో తన పాత్ర తానే వేసినా ఆ దారి సినిమాలో కొనసాగలేదు. పందిట్లో పెట్రోమాక్సు దాచిపెట్టినదాన్ని దగ్గరి షాటు దాచదు.

1951లో ‘పాతాళ భైరవి’లో కమలాబాయి తోట రాముడి తల్లి. సురభి వరసలో ఆ వయసు నటికి వచ్చే పాత్రే అది. ఆ చిత్రంలో నాయిక మాలతి పెదవులు కదిపితే పాట పి.లీల పాడింది. కెమెరా ముందు పాడగలిగినవాళ్లే కావాలన్న రోజుల్లో కమలాబాయిని బొంబాయికి రప్పించిన అవసరం ఆ ఇరవై ఏళ్లలో తీరిపోయింది. గొంతు ఒకరిది, మొహం ఒకరిది అయ్యాయి.